సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ కాదన్నారా? ఫెడరల్ కోర్టులో రివ్యూకి వెళ్లే పద్ధతి

అమెరికాలో డిసెబిలిటీ బెనిఫిట్స్‌కి అప్లై చేసినవాళ్లకి "కాదు" అనే మాట ఒకచోటుతో ఆగదు. మొదటి అప్లికేషన్ మీద ఒకసారి, రీకన్సిడరేషన్‌లో ఇంకోసారి, అడ్మినిస్ట్రేటివ్ లా జడ్జి హియరింగ్ అయ్యాక మరోసారి, చివరికి అప్పీల్స్ కౌన్సిల్ నుంచి ఒక పొడుగాటి ఉత్తరం. ఈ నాలుగు మెట్లూ సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ లోపలివే. హియరింగ్‌లో మనం జడ్జి గారూ అని పిలిచే వ్యక్తి కూడా ఆ సంస్థలోని ఉద్యోగే. బయటివాళ్లు మీ ఫైలు తెరిచి చూసేది ఐదో మెట్టులో, ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులోనే. ఆ మెట్టు ఎలా ఎక్కాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట బుర్రలో వేసుకోండి. మీకు జబ్బు ఉందా లేదా అని కోర్టు విచారించదు. సాక్షుల్ని పిలవదు, మిమ్మల్ని నిలబెట్టి అడగదు, కొత్త స్కాన్ చూడదు. హియరింగ్ జడ్జి రాసిన నిర్ణయం ఫైల్లో ఉన్న కాగితాలకి నిలబడుతుందా, చట్టం చెప్పిన పద్ధతిలో రాశారా, అంతే చూస్తుంది. ఇది తెలియక చాలామంది తమ కష్టమంతా నాలుగు పేజీల ఉత్తరంగా రాసి కోర్టుకి పంపుతారు. చదివినవాళ్లకి జాలి కలుగుతుంది, కేసు మాత్రం గెలవదు.

ముందు తారీకు చూడండి

అప్పీల్స్ కౌన్సిల్ ఉత్తరం చేతికి రాగానే పైన వేసిన తారీకు చుట్టూ పెన్నుతో గీత గీయండి. ఆ ఉత్తరం మీకు అందిన రోజు నుంచి 60 రోజుల్లో కోర్టులో కేసు పడాలి. అందిన రోజు అంటే మీరు కవరు చించిన రోజు కాదు. నోటీసు తారీకు తర్వాత ఐదో రోజుకి అందినట్టు వాళ్లు లెక్కేసుకుంటారు. నోటీసు మీద మార్చి 3 అని ఉంటే మార్చి 8న అందినట్టు, అక్కడి నుంచి 60 రోజులు లెక్కేస్తే మే 7 ఆఖరు రోజు. ఆలస్యంగా అందిందని అనాలంటే దాన్ని రుజువు చేసే బాధ్యత మీది. మనవాళ్లు రెండు మూడు నెలలు ఇండియా వెళ్లి వచ్చేసరికి మెయిల్‌బాక్స్ నిండిపోయి ఉంటుంది. ఊళ్లో లేనన్న ఒక్క కారణం మీద గడువు దానంతటదే పెరగదు. అప్పీల్ నడుస్తున్నంత కాలం మెయిల్ ఎవరైనా చూసేలా ఏర్పాటు చేసుకోండి.

గడువు సరిపోదనిపిస్తే అప్పీల్స్ కౌన్సిల్‌కే రాసి ఇంకొంత టైము అడగవచ్చు. ఎక్కడికి రాయాలో నోటీసులోనే ఉంటుంది. కారణం బలంగా చెప్పాలి: ఆస్పత్రిలో ఉన్నాను, ఇంట్లో మనిషి పోయారు, నోటీసు అందలేదు, ఇలాంటివి. అడిగిన కాగితం కాపీ, పంపిన రుజువు దాచుకోండి. జవాబు వచ్చేదాకా నిశ్చింతగా కూర్చోవద్దు. గడువు దగ్గరపడితే కేసు వేసేయడమే మేలు, ఎందుకంటే కోర్టు కేసు మొదటి కాగితం నిజానికి చాలా చిన్నది. 60 రోజులు దాటిపోయినా కోర్టు అరుదుగా క్షమించిన సందర్భాలు ఉన్నాయి, 1986లో సుప్రీంకోర్టు ఆ తలుపు కొంచెం తెరిచే ఉంచింది. దాన్ని నమ్ముకుని మాత్రం ఆగవద్దు.

అప్పీల్స్ కౌన్సిల్ మెట్టు ఎక్కకుండా జడ్జి నిర్ణయం మీద నేరుగా కోర్టుకి వెళితే కేసు కొట్టేస్తారు. హియరింగ్ అయ్యాక కౌన్సిల్‌కి వేసిన అప్పీలు ఆలస్యమైందని వాళ్లు కొట్టేసినా, ఆ కొట్టివేత మీద కూడా కోర్టుకి వెళ్లవచ్చని 2019లో స్మిత్ వర్సెస్ బెర్రీహిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది తెలియక వదిలేసుకున్నవాళ్లు ఉంటారు.

కోర్టా, కొత్త అప్లికేషనా?

"ఇదంతా ఎందుకు, మళ్లీ కొత్తగా అప్లై చేసుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. వినే ముందు ఒక తారీకు తెలుసుకోండి: మీ ఇన్సూరెన్స్ ముగిసిన తారీకు. లాయర్లు దాన్ని డేట్ లాస్ట్ ఇన్సూర్డ్ అంటారు.

ఎస్ఎస్‌డీఐ, అంటే సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ ఇన్సూరెన్స్, మీ జీతంలోంచి కట్టిన పన్నుతో కొన్న బీమా లాంటిది. 31 ఏళ్లు దాటినవాళ్లకి సాధారణంగా గత పదేళ్లలో ఐదేళ్ల పని, అంటే 40 క్వార్టర్లలో 20, ఉండాలి. నిలకడగా పనిచేసిన మనిషి ఉద్యోగం మానేశాక ఇంచుమించు ఐదేళ్లకి ఆ రక్షణ అయిపోతుంది. జబ్బు ఆ తారీకు లోపే పని చేయలేనంతగా ముదిరిందని చూపించాలి. హెచ్1బీ మీద ఆరేళ్లు చేసి, లేఆఫ్ అయి, ఆ తర్వాత పిల్లల కోసం ఇంట్లో ఉండిపోయినవాళ్లకి ఈ తారీకు చప్పుడు లేకుండా దాటిపోతుంది. ఇండియాలో చేసిన ఉద్యోగం ఇక్కడ లెక్కలోకి రాదు. కొన్ని దేశాలతో అమెరికాకి ఉన్న సోషల్ సెక్యూరిటీ ఒప్పందం మన దేశంతో లేదు.

అందుకే, ఆ తారీకు ఇప్పటికే దాటిపోతే, జబ్బు ఆ తర్వాత ముదిరిందంటూ వేసే కొత్త అప్లికేషన్ వృథా. పాత కాలం మీద జడ్జి ఇచ్చిన నిర్ణయం అలాగే నిలిచిపోతుంది. దాన్ని కదిలించే దారి సాధారణంగా కోర్టు ఒక్కటే. తారీకు ఇంకా ముందుందంటే రెండూ చేయవచ్చు: అప్పీల్స్ కౌన్సిల్ దగ్గర కేసు నడుస్తున్నప్పుడు అదే రకం కొత్త అప్లికేషన్ సాధారణంగా తీసుకోరు గానీ, కోర్టులో కేసు ఉండగా కొత్తది వేసుకోవచ్చు. కోర్టు కేసు తెమలడానికి ఏడాది పైబడి పట్టడం మామూలే కాబట్టి ఇది పనికొచ్చే ఏర్పాటు.

లాయర్ సంగతి

చేతిలో డబ్బు లేక లాయర్ దాకా వెళ్లనివాళ్లు ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఈ కేసులు చేసే లాయర్లు ఎక్కువమంది ముందు ఫీజు అడగరు. గెలిస్తే రెండు దారుల్లో వాళ్లకి డబ్బు వస్తుంది. ఒకటి, ప్రభుత్వం తరఫు వాదనకి సరైన ఆధారం లేదని తేలితే ప్రభుత్వమే లాయర్ ఫీజు కట్టే ఈక్వల్ యాక్సెస్ టు జస్టిస్ యాక్ట్. రెండు, మీకు వచ్చే పాత బకాయిల్లోంచి 25 శాతం మించకుండా కోర్టు ఒప్పుకున్న ఫీజు. రెండూ వస్తే చిన్న మొత్తాన్ని లాయర్ మీకు తిరిగి ఇవ్వాలి. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఈ తిరిగిచ్చే మాట అందులో ఉందో లేదో చూడండి.

హియరింగ్‌లో మీ తరఫున వచ్చినవారు అసలు లాయరేనా అని కూడా కనుక్కోండి. హియరింగ్ దాకా లాయర్ కాని ప్రతినిధులు కూడా రావచ్చు, కోర్టులో మాత్రం కుదరదు. లాయరే అయినా హియరింగ్‌లు చేసి కోర్టు కేసులు చేయనివాళ్లు బోలెడంతమంది. అడగాల్సిన ప్రశ్న సూటిగా అడగండి: "ఈ డిస్ట్రిక్ట్‌లో బ్రీఫ్ మీరే రాస్తారా?" బ్రీఫ్ అంటే కోర్టుకి రాసి ఇచ్చే వాదన. ఇద్దరు ముగ్గురు లాయర్లు కేసు చూసి వద్దంటే నీరసపడవద్దు గానీ, ఎందుకు వద్దన్నారో అడిగి రాసుకోండి. ఆ జవాబుల్లోనే మీ కేసు బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది.

లాయర్ దొరక్కపోతే మీరే వాదించుకోవచ్చు. కానీ మీ కేసు మీరే. ఇంట్లో ఫారాలన్నీ నింపేది అబ్బాయే కదా అని అమ్మ కేసులో అబ్బాయి సంతకం పెడితే చెల్లదు. రాసిపెట్టడంలో సాయం చేయవచ్చు, సంతకం మాత్రం అమ్మదే ఉండాలి.

ఏ కోర్టు?

మీరు ఉండే చోటుని బట్టి ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టు మారుతుంది. ఇది ఊరు పేరు బట్టి కాదు, కౌంటీ బట్టి. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. అర్వింగ్ డల్లాస్ కౌంటీలో ఉంది కాబట్టి నార్తర్న్ డిస్ట్రిక్ట్ ఆఫ్ టెక్సస్. అక్కడి నుంచి కారులో కొద్ది దూరంలో ఉన్న ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీల్లో పరుచుకుంది కాబట్టి ఈస్టర్న్ డిస్ట్రిక్ట్. న్యూజెర్సీ వాళ్లకి ఈ గొడవ లేదు, రాష్ట్రమంతా ఒకటే డిస్ట్రిక్ట్. ఎడిసన్ అయినా జెర్సీ సిటీ అయినా అదే కోర్టు.

జబ్బు చేసి ఉద్యోగం పోయాక అమెరికా వదిలి హైదరాబాదో విజయవాడో వెళ్లిపోయినవాళ్లు కూడా ఉంటారు. అప్పీల్ నడుస్తూ ఉండగా వెళ్లిపోతే హక్కు పోదు. ఏ డిస్ట్రిక్ట్‌లోనూ నివాసం లేనివాళ్ల కేసు వాషింగ్టన్ డీసీలోని డిస్ట్రిక్ట్ కోర్టులో వేయాలని చట్టంలోనే రాసి ఉంది. దేశం వెలుపల ఉంటే బెనిఫిట్స్ అందుతాయా అన్నది వేరే ప్రశ్న, అది మీ పౌరసత్వం మీద ఆధారపడుతుంది. దాన్ని విడిగా తేల్చుకోండి.

కేసు వేయడం

భయపడినంత పని కాదు. 2022 డిసెంబర్ 1 నుంచి ఈ కేసుల కోసం ప్రత్యేక నియమాలు వచ్చాయి, దాంతో పని చాలా తేలికైంది. ఫిర్యాదులో ఉండాల్సినవి కొన్నే: ఈ కేసు 405(జి) సెక్షన్ (కోర్టు రివ్యూకి వీలిచ్చే చట్టం) కింద వేస్తున్నాను అన్న వాక్యం, ఏ నిర్ణయాన్ని సవాలు చేస్తున్నారో, మీ పేరు, మీరు ఉండే కౌంటీ, ఎవరి జీతం రికార్డు మీద బెనిఫిట్స్ అడుగుతున్నారో ఆ పేరు, ఏ రకం బెనిఫిట్. నోటీసు మీద బీఎన్‌సీ అనే నంబరు ఉంటే దాన్ని కూడా రాయాలి, నిర్ణయాన్ని గుర్తుపట్టేది దాంతోనే. మీ సోషల్ సెక్యూరిటీ నంబరు మాత్రం రాయొద్దు. నోటీసు కాపీ జతచేస్తే అందులో ఆ నంబరు కనిపించే చోట నల్లగా కొట్టేయండి.

ప్రతివాది పేరు దగ్గర కమిషనర్ ఆఫ్ సోషల్ సెక్యూరిటీ అని రాయాలి. మిమ్మల్ని కాదన్న జడ్జి పేరు కాదు. కోర్టుల వెబ్‌సైట్‌లో ప్రో సే 13 అనే ఖాళీ ఫారం ఉంది, లాయర్ లేనివాళ్ల కోసమే. అందులో ఎందుకు తప్పో రాయమన్న చోట రెండు మూడు వాక్యాలు చాలు. అసలు వాదన తర్వాత బ్రీఫ్‌లో రాస్తారు.

ఫీజు 405 డాలర్లు. సెక్షన్ నంబరూ 405, ఫీజూ 405, మర్చిపోవడం కష్టం. కట్టలేకపోతే ఫీజు లేకుండా కేసు నడపనివ్వమని అడిగే అర్జీ ఉంటుంది, చాలా కోర్టుల్లో ఏఓ 240 లేదా ఏఓ 239 ఫారం మీద. దీంట్లో ఇంటి ఆదాయం, ఖర్చులు, బ్యాంకులో ఉన్నది నిజాయితీగా రాయాలి. భార్య లేదా భర్త జీతం దాచిపెట్టవద్దు, అది ప్రమాణం చేసి ఇచ్చే కాగితం. ఇండియాలో పొలం, ఫ్లాట్ మీ పేరున ఉంటే ఆస్తి అని అడిగిన చోట అవి కూడా వస్తాయి.

సమన్లు అందజేసే గొడవ మునుపటిలా లేదు. ఫిర్యాదు ఫైల్ కాగానే కోర్టే సోషల్ సెక్యూరిటీ లాయర్లకీ, అక్కడి యూఎస్ అటార్నీ ఆఫీసుకీ ఎలక్ట్రానిక్ నోటీసు పంపుతుంది.

"కోర్టుకెక్కితే నా మందుల చిట్టా నెట్‌లో అందరికీ కనిపిస్తుందా?" అని అడిగేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా డిప్రెషన్, బైపోలార్ లాంటి కేసుల్లో. సోషల్ సెక్యూరిటీ కేసుల ఫైళ్లకి ప్రత్యేక రక్షణ ఉంది. మెడికల్ రికార్డు, బ్రీఫులు ఆన్‌లైన్‌లో మీకూ లాయర్లకీ తప్ప బయటివాళ్లకి తెరుచుకోవు. అయితే కోర్టు ఇచ్చే తీర్పు అందరికీ కనిపిస్తుంది, అందులో మీ జబ్బు వివరాలు వస్తాయి. చాలా కోర్టులు మొదటి పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం మాత్రమే వేస్తాయి.

కేసు పడ్డాక ఒక చిన్న ఫారం వస్తుంది: డిస్ట్రిక్ట్ జడ్జికి సాయంగా అదే కోర్టులో ఉండే మేజిస్ట్రేట్ జడ్జి తుది తీర్పు ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని. ఒప్పుకోకపోయినా నష్టం లేదు. ఒప్పుకుంటే సాధారణంగా త్వరగా తెములుతుంది. ఒప్పుకోకపోతే కొన్ని కోర్టుల్లో మేజిస్ట్రేట్ ముందు సిఫారసు రాస్తారు, దాని మీద అభ్యంతరాలు 14 రోజుల్లో వేయాలి. ఈ 14 రోజుల గడువు జారవిడిస్తే పై కోర్టులో ఆ వాదన ఎత్తే అవకాశం పోవచ్చు.

రికార్డు చదవడం: అసలు పని ఇక్కడ

కోర్టు పంపిన నోటీసు అందిన 60 రోజుల్లో ప్రభుత్వం జవాబుగా మొత్తం ఫైలుని కోర్టుకి ఇస్తుంది. వందల పేజీలు, ఒక్కోసారి వెయ్యి దాటుతుంది, ప్రతి పేజీకీ కింద నంబరు. మీ డాక్టర్ల నోట్సు, మీరు నింపిన ఫారాలు, హియరింగ్‌లో మాట్లాడిన ప్రతి మాట, జడ్జి నిర్ణయం, అన్నీ ఉంటాయి. ముందు జడ్జి నిర్ణయం ప్రింట్ తీసుకోండి. ప్రతి పేరా పక్కన ఖాళీ వదిలి, ఆయన చెప్పిన ప్రతి వాక్యానికి ఫైల్లో ఏ పేజీ ఆధారమో వెతికి రాయండి. ఇది విసుగు పుట్టించే పని. కేసు గెలిచేది ఇందులోనే.

జడ్జి ఐదు ప్రశ్నలు వరసగా వేసుకోవాలి. పని చేసి చెప్పుకోదగ్గ సంపాదన ఉందా, జబ్బు తీవ్రమైనదా, సంస్థ జాబితాలోని జబ్బుతో సరిపోతుందా, పాత ఉద్యోగం చేయగలరా, ఇంకేదైనా పని చేయగలరా. మూడో ప్రశ్నకీ నాలుగో ప్రశ్నకీ మధ్యలో ఆర్‌ఎఫ్‌సీ అని ఒకటి రాస్తారు: ఇన్ని జబ్బులున్నా మీరు ఎంతసేపు కూర్చోగలరు, ఎంత ఎత్తగలరు, ఎంతసేపు మనసు పెట్టి పనిచేయగలరు అన్న లెక్క. తప్పులు ఎక్కువగా దొరికేది ఈ లెక్కలోనే.

ఉదాహరణకి ఒక ఊహించిన కేసు తీసుకుందాం. 44 ఏళ్ల సాఫ్ట్‌వేర్ టెస్టర్, తీవ్రమైన మైగ్రేన్. జడ్జి నిర్ణయంలో ఇలా ఉంది: "న్యూరలాజికల్ పరీక్షలు మామూలుగా ఉన్నాయి, ఎమ్మారై మామూలుగా ఉంది, కాబట్టి ఆమె చెప్పినంత తీవ్రత లేదు." ఫైల్లో 611వ పేజీ తీస్తే న్యూరాలజిస్ట్ రాసింది కనిపిస్తుంది: నెలకి 14 రోజులు తలనొప్పి, చీకటి గదిలో పడుకోవాలి, రెండు మందులు పనిచేయలేదు. జడ్జి ఆ పేజీ ఊసే ఎత్తలేదు. పైగా మైగ్రేన్‌ని ఎలా అంచనా వేయాలో సంస్థే 2019లో ఎస్ఎస్ఆర్ 19-4పీ అనే రూలింగ్‌లో చెప్పింది. అందులో చూడమన్నవి తలనొప్పి ఎంత తరచుగా వస్తుంది, వచ్చినప్పుడు మనిషి ఏం చేయలేడు, మందులకి ఎలా స్పందిస్తున్నాడు లాంటివి. ఈ జబ్బులో స్కాన్ బాగుండటం వింతేం కాదు. హియరింగ్ ట్రాన్‌స్క్రిప్ట్ 58వ పేజీలో వొకేషనల్ నిపుణుడు (ఉద్యోగాల గురించి సాక్ష్యం చెప్పే మనిషి) ఇంకో మాట అన్నాడు: నెలకి మూడు రోజులు రాని మనిషికి ఏ ఉద్యోగమూ ఉండదని. ఈ మూడు పేజీలు పక్కపక్కన పెడితే ఒక వాదన తయారైంది. జబ్బు ఉందని మీరు మళ్లీ నిరూపించలేదు. జడ్జి చూడాల్సిన కాగితం చూడలేదని, చూసి ఉంటే ఫలితం మారేదని చూపించారు.

మీ ఫైల్లో ఇలాంటివి వెతకండి. డాక్టర్ అభిప్రాయాన్ని పక్కన పెట్టినప్పుడు కారణం చెప్పారా? 2017 మార్చి 27న గానీ ఆ తర్వాత గానీ వేసిన అప్లికేషన్లలో సొంత డాక్టర్ మాటకి ప్రత్యేక బరువు లేదు గానీ, ఆ అభిప్రాయానికి డాక్టర్ చూపిన ఆధారం ఎంత, మిగతా రికార్డుతో ఎంత పొసుగుతుంది అన్న రెండిటినీ జడ్జి వివరించి తీరాలి. "నమ్మశక్యంగా లేదు" అని ఒక్క ముక్కతో తేల్చేస్తే అది పట్టుకోవాల్సిన చోటు. ఏకాగ్రతలో ఇబ్బంది ఉందని ఒక పేజీలో ఒప్పుకుని, ఆర్‌ఎఫ్‌సీలో దాని ఊసు లేకుండా రాశారా? రెండు మూడు జబ్బుల్ని కలిపి చూడకుండా ఒక్కొక్కటీ విడదీసి కొట్టేశారా?

చేయగలరని చెప్పిన ఉద్యోగాలు ఏవో కూడా చూడండి. వొకేషనల్ నిపుణులు వాడే ఉద్యోగాల డిక్షనరీ చివరిగా సవరించింది 1991లో. కవర్ల మీద అడ్రసులు రాసే పని, మైక్రోఫిల్మ్ కోసం కాగితాలు సర్దే పని ఈనాటికీ దేశంలో వేలకొద్దీ ఉన్నాయని సాక్ష్యం చెబుతుంటారు. వింటే నవ్వొస్తుంది, కానీ దాని మీదే మనుషుల బెనిఫిట్స్ పోతున్నాయి. అలాంటి కొన్ని ఉద్యోగాల మీద అదనపు ఆధారం లేకుండా ఆధారపడవద్దని 2024 జూన్‌లో సంస్థే తన జడ్జిలకి చెప్పింది. పాత ఉద్యోగం చేయగలరా అన్న ప్రశ్నకి వెనక్కి చూసే కాలం కూడా అప్పటి నుంచే 15 ఏళ్ల బదులు ఐదేళ్లయింది.

మన వాళ్ల ఫైళ్లలో ప్రత్యేకంగా కనిపించే మూడు విషయాలు ఉన్నాయి. ఒకటి, డాక్టర్ ఎలా ఉన్నారని అడిగితే మర్యాదకి బాగానే ఉన్నానండీ అనడం. అది చార్టులోకి "పేషెంట్ బాగున్నారు" అని ఎక్కుతుంది, జడ్జి దాన్నే ఎత్తి చూపిస్తాడు. అదే రోజు నోట్సులో కింద నొప్పి పదికి ఎనిమిది అని ఉందేమో చూసి రెండూ కోర్టుకి చూపించండి. రెండోది ఇండియా ప్రయాణం. ఇరవై గంటలు విమానంలో కూర్చున్నవాడు కుర్చీలో కూర్చుని పనిచేయలేడా అన్న వాదన వస్తుంది. కొట్టిపారేయకండి. 2008లో 9వ సర్క్యూట్ కోర్టు (డిస్ట్రిక్ట్ కోర్టుల మీద ఉండే అప్పీళ్ల కోర్టు), జబ్బు చేసిన సోదరిని చూసుకోవడానికి వెనిజువెలా వెళ్లి చాలాకాలం ఉన్న ఒకరి విషయంలో జడ్జి అలా అనుమానించడం సబబే అంది. ప్రయాణంలో వీల్‌చెయిర్ తీసుకున్నారా, అక్కడ మంచం పట్టారా, వైద్యం కోసమే వెళ్లారా అన్నది హియరింగ్‌లో చెప్పి ఉంటే ఆ పేజీ పట్టుకోండి. మూడోది భాష. పెద్దవాళ్ల కేసుల్లో ఇంగ్లీషు రాదన్న విషయం ఒకప్పుడు కలిసొచ్చేది, 2020 ఏప్రిల్ 27 నుంచి ఆ నియమం తీసేశారు. అయితే హియరింగ్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగా ఇవ్వాల్సిన బాధ్యత సంస్థదే. అడిగినా ఇవ్వకపోతే, లేదా ట్రాన్‌స్క్రిప్ట్‌లో జవాబులు తలకిందులుగా ఉంటే, అది కోర్టులో ఎత్తదగ్గ విషయం.

బ్రీఫ్ రాయడం

రికార్డు వచ్చిన 30 రోజుల్లో మీ బ్రీఫ్ వేయాలి. ప్రభుత్వానికి 30 రోజులు, దాని మీద మీ జవాబుకి 14 రోజులు. కోర్టు ఈ గడువులు మార్చవచ్చు, పేజీల పరిమితి మీ కోర్టు లోకల్ రూల్స్‌లో ఉంటుంది.

తప్పులు పన్నెండు దొరికినా రెండు మూడే రాయండి, బలమైనవే. ప్రతి తప్పుకీ వరస ఒకటే: జడ్జి ఏమన్నాడు, ఏ పేజీలో. రికార్డు ఏమంటోంది, ఏ పేజీలో. ఏ నియమం తప్పాడు. తప్పకపోయి ఉంటే ఫలితం ఎలా మారేది. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. "తప్పు జరిగింది, కానీ ఫలితం మారదు" అని ప్రభుత్వం తరఫువాళ్లు తప్పకుండా అంటారు, ముందే మూత వేయండి.

సాక్ష్యం రెండువైపులా ఉంటే కోర్టు, హియరింగ్ జడ్జి వైపే మొగ్గుతుందని గుర్తుంచుకోండి. ఆయన నిర్ణయం నిలబడటానికి చట్టం అడిగేది అణుమాత్రం కంటే ఎక్కువ సాక్ష్యం, అంతే. 1971లో పెరాలెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే, 2019లో బియెస్టెక్ కేసులో ఆ గీటు అంత ఎత్తులో లేదని మళ్లీ చెప్పింది. అందుకే సాక్ష్యం తూకం తప్పిందన్న వాదన కంటే పద్ధతి తప్పిందన్న వాదన బలమైనది.

కొత్త రిపోర్టులు ఉంటే? హియరింగ్ తర్వాత హైదరాబాద్‌లో చేయించుకున్న స్కాన్ బ్రీఫ్‌కి అంటించి పంపితే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. 405(జి) సెక్షన్‌లో ఆరో వాక్యం కింద ఒక సందు ఉంది: సాక్ష్యం కొత్తదై ఉండాలి, జడ్జి చూసిన కాలానికి సంబంధించినదై ఫలితం మార్చగలదై ఉండాలి, ముందే ఎందుకు ఇవ్వలేదో బలమైన కారణం ఉండాలి. మూడూ కుదిరితే కోర్టు కేసుని వెనక్కి పంపవచ్చు. కుదిరేవి తక్కువ. నిర్ణయం తర్వాత జబ్బు ముదిరిందంటే దానికి చోటు కొత్త అప్లికేషన్.

తీర్పు వచ్చాక

మౌఖిక వాదనలు కొద్ది కోర్టుల్లోనే ఉంటాయి, చాలాచోట్ల కాగితాల మీదే తీర్పు వస్తుంది. మీ వైపు తీర్పు అంటే నెలనెలా చెక్కు మొదలైనట్టు కాదు. ఎక్కువగా వచ్చేది రిమాండ్: తప్పు సరిదిద్ది మళ్లీ చూడమని సోషల్ సెక్యూరిటీకి తిప్పి పంపడం. నేరుగా బెనిఫిట్స్ ఇవ్వమని కోర్టు చెప్పడం చాలా అరుదు. ఒక్కోసారి ప్రభుత్వం తరఫు లాయర్లే మీ బ్రీఫ్ చదివి, తిప్పి పంపడానికి ఒప్పుకుందాం అంటారు. ఏమేం మళ్లీ చూడాలో ఆ ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోండి.

ఓడిపోతే సర్క్యూట్ కోర్టుకి అప్పీలు వేయడానికి 60 రోజులు ఉంటాయి. గెలిస్తే ప్రభుత్వం నుంచి లాయర్ ఫీజు అడిగే అర్జీకి, తీర్పు అంతిమం అయ్యాక 30 రోజులు. ఆ డబ్బు చట్టం ప్రకారం మీదే కాబట్టి, ప్రభుత్వానికి మీరు స్టూడెంట్ లోన్ లాంటి బాకీ ఉంటే అందులోంచి పట్టుకోవచ్చని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది.

రిమాండ్ తర్వాత మళ్లీ హియరింగ్ ఉంటుంది. ఈసారి కొత్త మెడికల్ రికార్డు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. హియరింగ్‌కి ఐదు పనిరోజుల ముందే అన్నీ చేరేలా, లేదా ఏవి రాబోతున్నాయో రాసి తెలిపేలా చూసుకోండి. ఈ రెండో హియరింగ్‌లోనూ కాదంటే దారి మొదటిసారి లాంటిది కాదు. అప్పీల్స్ కౌన్సిల్‌కి అభ్యంతరాలు రాయాలనుకుంటే 30 రోజులే. రాయకుండా ఊరుకుంటే, కౌన్సిల్ తనంతట తాను కలగజేసుకోకపోతే, జడ్జి నిర్ణయం నోటీసు తారీకు తర్వాత 61వ రోజున అంతిమమవుతుంది. ఆ రోజు నుంచి కొత్త కోర్టు కేసుకి 60 రోజులు. ఇలా ఊరుకున్నప్పుడు అప్పీల్స్ కౌన్సిల్ నుంచి మీకు ఏ ఉత్తరమూ రాదు, క్యాలెండర్ మీరే చూసుకోవాలి.